గ్లాసులో నాణెం

ఫ్రీజరు తలుపు సరిగా పడటం మానేసి వారమైంది. మోకాలితో నొక్కితే పడుతుంది, నేను పక్క గదిలోకి వెళ్ళేసరికి మళ్ళీ వేలెడు సందు ఇస్తుంది. లోపల గోడలకు మంచు అరచేతి మందాన పేరుకుంది. మోటారు ఆగకుండా మూలుగుతోంది. ఇలాంటివన్నీ చూసుకునేది మా అక్క. బడి నాది, ఇల్లు ఆమెది. ముప్ఫై ఏళ్ళుగా మా ఇద్దరి మధ్య ఒప్పందం అది. అక్క పోయి నాలుగు నెలలు.

లోపల అక్క వండి దాచిన డబ్బాలు ఆరున్నాయి. ఒక్కోదాని మూత మీద తెల్ల టేపు, దాని మీద పెన్సిలుతో ఆమె రాత: ‘బఠానీ సూపు’, కింద తేదీ. రాబోయే ఆదివారం ఆమె పుట్టినరోజు. ఆ రోజు ఒక డబ్బా తినాలని, మిగిలినవి ఏటికొకటి చొప్పున వాడుకోవాలని అనుకున్నాను. ఆరేళ్ళు వస్తాయి. ఈ లెక్క ఎవరికీ చెప్పలేదు. తలుపు ఇలాగే ఉంటే ఆరు రోజులు కూడా రావు.

మెకానిక్ శనివారం పొద్దున వచ్చాడు. నా వయసువాడే. సంచి దించి, ఫ్రీజరును ముట్టుకోకుండా కాసేపు చెవి ఒగ్గి విన్నాడు.

“ఒక కాగితం ముక్క ఇవ్వండి టీచర్ గారూ.”

చీటీ చించి ఇచ్చాను. దాన్ని తలుపు సందులో ఉంచి, తలుపు మూసి, లాగాడు. జారి చేతిలోకి వచ్చేసింది.

“చూశారా, గట్టిగా పట్టుకోవాలి. మీ తలుపు రబ్బరు పరీక్ష తప్పింది.”

“మార్చాలా?”

“అప్పుడే దాన్ని ఇంటికి పంపెయ్యకండి. ముందు కడిగి చూద్దాం.”

సబ్బునీళ్ళతో రబ్బరు మడతలు తుడిస్తే నల్లటి జిడ్డు వచ్చింది. ఫ్రీజరును గోడకి ఆనించినందుకు నన్ను కోప్పడ్డాడు. వెనక జానెడు ఖాళీ లేకపోతే దానికి ఊపిరాడదట.

“రోజుకి ఎన్నిసార్లు తెరుస్తారు?”

“ఐదారు సార్లు.”

“అన్నిసార్లు ఏం తీస్తారు?”

“ఏమీ తియ్యను.”

అతను తల తిప్పి చూశాడు. “పని లేకుండా మాటిమాటికీ తలుపు తీస్తే మనుషులకే ఒళ్ళు మండుతుంది. తీసినప్పుడల్లా బయటి గాలి లోపలికి పోయి మంచవుతుంది. ఆ మంచు పెరిగి తలుపుని నెడుతుంది. అంతే దీని జబ్బు.” డబ్బాల వైపు ఒకసారి చూసి, చేతులు తుడుచుకున్నాడు.

మంచు అంతా కరగాలంటే ఫ్రీజరు ఆపాలి. మరి డబ్బాల సంగతేంటని అడిగాను.

“దుప్పట్లో చుట్టి బకెట్లో పెట్టండి. మూడు గంటలదాకా ఏమీ కాదు. ఆ పూచీ నాది.”

అక్క ఉన్ని దుప్పటి తెచ్చాను. మంచు గీకడానికి కత్తి కూడా తెచ్చాను. అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

“కత్తి లోపల పెట్టెయ్యండి. పొరపాటున చిల్లు పడిందా, గ్యాసు పోతుంది. ఆ తర్వాత దీన్ని బట్టల బీరువాగా వాడుకోవాల్సిందే.”

వేడినీళ్ళ గిన్నె లోపల పెట్టి, తలుపు బార్లా తీసి, టీ తాగుతూ కూర్చున్నాం. మంచు పలకలు పలకలుగా ఊడి పడింది. వెనక మూల అతని చేతికి ఒక గ్లాసు తగిలింది.

“ఇదేంటి, గ్లాసులో నాణెం?”

నేను మర్చిపోయిన గ్లాసు అది. అక్క అందులో నీళ్ళు గడ్డకట్టించి, పైన నాణెం ఉంచేది. ఊరు వెళ్ళి వచ్చాక ముందు దాన్నే చూసేది. నాణెం పైనే ఉంటే అంతా క్షేమం. అడుక్కి చేరితే, మేము లేనప్పుడు కరెంటు పోయి, లోపలిదంతా కరిగి, మళ్ళీ గడ్డకట్టిందన్నమాట. అలాంటప్పుడు అన్నీ పారబోసేది. వాసన కూడా చూడనిచ్చేది కాదు.

అతనికిదంతా చెబుతూ గ్లాసు అందుకున్నాను. నాణెం గడ్డకట్టిన నీళ్ళ కింద, అడుగున ఉంది.

మెకానిక్ గ్లాసును వెలుతురుకెత్తి చూశాడు. “ఇది తలుపు సందు వల్ల కాదు మేడం. ఎప్పుడో రెండు మూడు రోజులు కరెంటు లేదు.”

ఎప్పుడో నాకు తెలుసు. ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజు, స్ట్రెచర్ మీద పడుకుని గుమ్మం దగ్గర అక్క అడిగింది.

“స్విచ్చులు ఆపావా?”

“ఆపాను.”

“అన్నీ?”

“అన్నీ. నువ్వు మాట్లాడకు.”

ఆమె నిశ్చింతగా కళ్ళు మూసుకుంది. ఇల్లు వదిలేటప్పుడు స్విచ్చులు ఆపడం ఎప్పుడూ ఆమె పనే. ఫ్రీజరుది మాత్రం వదిలేసేదని నాకు తెలియదు. అది కూడా చెప్పాలని ఆమె అనుకుని ఉండదు. మూడో రోజు అక్క లేకుండా తిరిగి వచ్చి, ఒక్కొక్క స్విచ్చే వేసుకుంటూ వెళ్ళాను. వంటింట్లో నేల తడిగా ఉంటే వెంట వచ్చిన చుట్టాలెవరో తుడిచారు.

“ఇప్పుడు గట్టిగానే ఉన్నాయి కదా, బాగానే ఉంటాయేమో,” అన్నాను. జవాబు తప్పని తెలిశాక కూడా దాన్ని వదలని పిల్లల గొంతు అలాగే ఉంటుంది.

“చెడ్డాక గడ్డకట్టినా చెడ్డదే టీచర్ గారూ.” గ్లాసు కింద పెట్టి, “మీ అక్కగారైతే ఏం చేసేవారు?” అన్నాడు.

“వాసన కూడా చూడనిచ్చేది కాదు.”

“మరింకేం.”

వెళ్ళేముందు చీటీ మళ్ళీ పెట్టి లాగాడు. ఈసారి కాగితం చిరిగింది గానీ జారలేదు. “పాసయింది,” అని సంచి తీసుకున్నాడు.

మధ్యాహ్నం ఆరు డబ్బాలూ ఖాళీ చేశాను. వాసన చూడలేదు. మూతలు టేపు తడవకుండా కడిగాను. ఐదింటి మీద పెన్సిలు రాత నిలిచింది, ఆరోదాని మీద నీళ్ళు పడి టేపు ఊడొచ్చింది. నాణెం తుడిచి కిటికీలో ఉంచి, గ్లాసులో కొత్త నీళ్ళు పోసి లోపల పెట్టాను.

ఆదివారం పొద్దున్నే గడ్డకట్టిన గ్లాసు మీద నాణెం ఉంచాను. తర్వాత బఠానీలు ఉడికించాను. సూపులో ఉప్పు ఎక్కువైంది. అక్క అయితే ఏమీ అనకుండా నీళ్ళ చెంబు నా పక్కకి జరిపేది. సగం తిన్నాను. మిగిలిన సగం టేపు ఊడిన డబ్బాలో పోసి, కొత్త టేపు అంటించి, నా రాతతో పేరు, తేదీ వేశాను.

డబ్బా లోపల పెట్టి తలుపు మూశాను. మోకాలితో నొక్కాల్సిన పని లేకపోయింది.