అద్దెకున్నవాడి దణ్ణం

ద్వారకానాథ్ మడత మంచాన్ని చప్పుడు కాకుండా మూసి గోడకు చేరేశాడు. దుప్పటి మడిచి, దిండు బీరువాలోకి తోసి, వంటింట్లోకి వెళ్ళి అల్లం సన్నగా తరగడం మొదలుపెట్టాడు. పెంగ్ తల్లికి పొద్దున్నే బియ్యం జావలో అల్లం పడాలి. ఆవిడ నాన్‌జింగ్ నుంచి మెల్‌బోర్న్ శివారు వెర్రిబీకి వచ్చి నలభై రెండు రోజులైంది. ఈ నలభై రెండు రోజులూ ద్వారకానాథ్ తన ఇంట్లోనే తాను అద్దెకున్నవాడు. సాయంత్రం ఆవిడ విమానం ఎక్కేస్తే ఆ నాటకం ముగిసినట్టే.

నలభై ఒక్కేళ్ళ మనిషి. బట్టతల, కొంచెం బొజ్జ, మెడలో ఎప్పుడూ ఆఫీసు కార్డు. అమలాపురంలో కాలేజీ గుమాస్తా కొడుకు. రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు కొంప ముంచుతాయని లోకమంతా గగ్గోలు పెట్టినప్పుడు పాత కోబాల్ ప్రోగ్రాములు సరిచెయ్యడానికి మెల్‌బోర్న్ వచ్చాడు. కొంపా మునగలేదు, ఉద్యోగమూ పోలేదు. ఆ పనిలోనే పెంగ్ పరిచయమయ్యాడు. మూడేళ్ళుగా ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే మంచం.

పెంగ్ భయం ఉత్తుత్తి భయం కాదు. అతని తల్లి ముప్పై ఏళ్ళు పిచ్చాసుపత్రిలో నర్సు. మగవాణ్ణి ప్రేమించాడని కన్నవాళ్ళే తెచ్చి చేర్పించిన వాళ్ళకి కరెంటు పెడుతుంటే కదలకుండా చేతులు పట్టుకున్నది ఆవిడే. ఆ సంగతి అన్నం తింటూ మామూలుగా చెప్పిన రోజున పెంగ్‌కి పదిహేడేళ్ళు. తన సంగతి తెలిస్తే అమ్మ ఇక మొహం చూడదని అతనికి గట్టి నమ్మకం.

ఆఫీసులో మధ్యాహ్నం సెలవడిగితే టీమ్ లీడ్ సింధుజ కళ్ళద్దాల పైనుంచి చూసింది.

“ఈ హాఫ్ డే లీవ్ దేనికండీ?”

“మా ఓనర్ గారి మదర్ వెళ్ళిపోతన్నారండి. ఎయిర్‌పోర్ట్‌లో డ్రాప్ చెయ్యాలి.”

ఓనర్ తల్లి కోసం టెనెంట్ సెలవు పెట్టడం ఇక్కడే చూస్తున్నానని నవ్వి, సరేనంది.

ఎయిర్‌పోర్టులో తనిఖీ గేటు ముందు ఆవిడ ఆగింది. పొట్టి మనిషి, చెవుల దాకా కత్తిరించిన నెరిసిన జుట్టు, మెడదాకా గుండీలు పెట్టుకున్న బూడిదరంగు కోటు. కొడుకు చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయి మానేసింది. వారం నుంచీ అదే వరస. తర్వాత ద్వారకానాథ్ వైపు తిరిగి తల ఊపింది.

పెద్దవాళ్ళు ప్రయాణమవుతుంటే అమలాపురం మనిషి ఏం చేస్తాడో ద్వారకానాథ్ అదే చేశాడు. వంగి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టేశాడు. నలభై రెండు రోజులు నోరు కట్టుకున్నవాడు నడుము సంగతి మరిచిపోయాడు.

పెంగ్ మొహం పాలిపోయింది. వాళ్ళలో పెద్దల ముందు అలా వంగేది పెళ్ళిరోజున కొత్త జంట. పెంగ్ చెల్లెలి పెళ్ళి ఫోటోల్లో ద్వారకానాథ్ కూడా చూశాడు, కానీ లేచి నిలబడ్డాక గానీ వెలగలేదు.

ఆవిడ పక్కనున్న కుర్చీలో కూలబడింది. కాసేపటికి తలెత్తకుండా కొడుకుతో చైనీసులో మాట్లాడింది. పెంగ్ ముక్కముక్కలుగా ఇంగ్లీషులో చెప్పాడు.

“ఈ ఏప్రిల్లో మా డాక్టర్ల పుస్తకంలోంచి ఆ జబ్బు పేరు తీసేశారట. జబ్బు కాని దానికి ముప్పై ఏళ్ళు వైద్యం చేశానంటోంది. అది చెప్పడానికే వచ్చిందట, నోరు రాలేదట. అద్దెకున్నవాడెవడైనా ఇంటాయన చొక్కాకి గుండీ కుడతాడా అని అడుగుతోంది.”

ఆవిడ ఇంకో మాట అంది. పెంగ్ ఏడుస్తూనే నవ్వాడు.

“పెళ్ళిలో వంగినవాడు టీ కూడా ఇవ్వాలట. లేకపోతే ఆ దణ్ణం చెల్లదట.”

ద్వారకానాథ్ బొజ్జ ఊగుతున్నా లెక్కచెయ్యకుండా పరిగెత్తాడు. ఎన్నాళ్ళ బరువో దిగిపోయినట్టుంది ఒంటికి. కౌంటర్లో పిల్ల అడగకుండానే కప్పులో పాలు పోసేసింది. పాలు కలిపిన టీ వాసనే ఆవిడకి పడదు. మార్పించే వ్యవధి లేదు. కప్పు రెండు చేతులా పట్టుకుని వంగితే, పెంగ్ కూడా పక్కన చేరి చెయ్యి వేశాడు. ఆవిడ రెండు చేతులా అందుకుంది.

విమానానికి పిలుపు వచ్చింది. ఆవిడ లేచి, ఇద్దరి చెంపలూ ఒకసారి తట్టి, గేటు దాటి లోపలికి వెళ్ళిపోయింది. వాళ్ళిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని అక్కడే నిలబడ్డారు. ఎవరైనా చూస్తారేమోనన్న ఆలోచనే రాలేదు. ఆవిడ కూర్చున్న కుర్చీ మీద కాగితం కప్పు ఉంది, అడుగున ఒక్క చుక్క కూడా లేదు.