అట్ట మీది ఆకు

వేలు పెడితే కాండంలోకి మెత్తగా దిగిపోయింది. సంజీవప్ప చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. సాయంత్రం అయిదు గంటల బస్సుకు సోమందేపల్లి పక్కనున్న తన ఊరికి వెళ్లిపోవాలి. వెంట తీసుకుపోదామనుకున్నది ఈ ఒక్క కుండీనే. అదే కుళ్లిపోతోంది.

"ఎవురబ్బా దీనికి నీళ్లు పోస్తాండేది?"

ధర్మవరంలోని ఆ మగ్గాల షెడ్డులో అందరి చేతులూ పని మీదే ఉన్నాయి. చీర నేస్తున్న కల్పన మాత్రం మగ్గం గుంటలోంచి నవ్వింది.

"మొక్కకు నీళ్లు పోసినోళ్ల మీద కేసు పెడతావా, చిన్నాయనా?"

జేడ్ మొక్క అది. దళసరి ఆకుల్లోనే నీళ్లు దాచుకుంటుంది. అమావాస్యకు మగ్గాలకు సెలవు. ఆ రోజే సంజీవప్ప దానికి ఒక గ్లాసు పోసేవాడు. నెలకు అంతే.

చీరల డిజైన్లకు అట్టల మీద రంధ్రాలు కొట్టడం అతని పని. అంచులో నెమలి ఎక్కడ తల తిప్పాలో మగ్గానికి చెప్పేది ఆ రంధ్రాలే. పదహారేళ్ల కిందట యజమాని అతన్ని కంప్యూటర్ డిజైన్ నేర్చుకోమని బెంగుళూరు పంపాడు. నాలుగు రోజుల్లో తిరిగొచ్చాడు. తలకెక్కింది ఏమీ లేదు. చొక్కా జేబులో మాత్రం అక్కడి మెట్ల మీద దొరికిన ఒక ఆకు ఉంది. ఆ ఆకే ఇప్పుడు జానెడు చెట్టు. ఆ కంప్యూటరే ఇప్పుడు షెడ్డులోకి వచ్చింది. అట్టల పని నేటితో సరి.

దొంగను పట్టాలని కుండీ మీద పొడి ఇసుక పరిచాడు. అన్నం తిని వచ్చేసరికి ఇసుక తడిసి ఉంది. తడిలో చిలకాకుపచ్చ పట్టుపోగు ఒకటి అంటుకుంది. షెడ్డులో ఆ రంగు దారాన్ని కండెలకు చుడుతున్నది ఒక్కరే. సంజీవప్ప పోగును జేబులో పెట్టుకున్నాడు.

నాలుగింటికి మొక్కను పట్టుకుంటే వేర్లు కుండీలోనే ఉండిపోయి కాండం చేతికి వచ్చింది.

దాన్ని గోడవార పెట్టి, పోయేముందు ఒకసారి చూసుకోవాలని కిటికీ కింది పాత అట్టల కట్టలు విప్పాడు. రెండో కట్టలో అతని చేతులు ఆగిపోయాయి.

ఆ మొక్క నుంచి ఎప్పుడో రాలిన ఆకు ఒకటి ముడతలు పడి అట్ట మీద ఉంది. దాని కొసన బియ్యపుగింజంత రెండు చిగుళ్లు. గులాబీ రంగు వేరు ఒకటి, అతను కొట్టిన రంధ్రంలోంచే అవతలికి దిగింది. మట్టి లేదు. చుక్క నీరు లేదు.

ఒక్కొక్క మగ్గం ఆగింది. అందరూ చుట్టూ చేరారు.

"ఏం తాగి బతికింది చిన్నాయనా?" కల్పన గొంతు తగ్గించి అడిగింది.

"తల్లాకును తాగింది. చూడు, ఎట్ల వట్టిపోయిందో."



సంజీవప్ప ఆ అట్టను రెండు చేతులతో తీసుకెళ్లి కండెలు చుట్టే అలివేలమ్మ ముందు పెట్టాడు.

"అక్కా, ఇది నీ కాడుండనీ. అమావాస్యకొక చెంచాడు. అంతే."

ఆమె చెయ్యి చాచలేదు. అట్ట వైపే చూస్తూ అంది: "మీ ఊర్లో ట్యాంకరొస్తేనే నీళ్లంటివి. మా ఆమడగూరు కాడ గొర్రెల్ని నీళ్లు లేని మెట్టకు తోలేముందు కడుపునిండా తాపుతాం. ఇది కూడా దూరం పోతాండాదని..."

"తెలుసులేక్కా."

"తెలిసీ నాకిస్తాండావా? నేనేప్పా దాన్ని చంపింది. ఈ అలివేలమ్మే."

సంజీవప్ప అట్టను ఆమె రాట్నం పక్కన కిటికీలో ఆనించి, సంచి భుజానికి తగిలించుకుని బస్సుకు వెళ్లాడు. సాయంత్రపు వెలుగు అట్ట రంధ్రాల్లోంచి నేల మీద చుక్కలు చుక్కలుగా పడింది. వేరు దిగిన చోట ఒక్క చుక్క తక్కువ.