రాజుల హాల్లో మసిగుడ్డలు

"నీళ్ల సీసా ఏ సంచిలో పెట్టావ్?" అని ఆయన అడిగేసరికి కోట మెట్లు సగం ఎక్కాం. సీసా నా భుజానికున్న సంచిలో, అడుగున ఉంది. అత్తగారి మాత్రలు, మా పాప స్వెటర్, టికెట్లు పైకి తీసి, సీసా ఇచ్చి, మళ్లీ అన్నీ సర్దాను. బయల్దేరి మూడు రోజులైంది. ఆ సంచి తెరిచే మనిషిని నేనొక్కదాన్నే.

నీటి పరీక్షల ల్యాబులో పంతొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. నాలుగు గంటల దూరంలో ఉన్న ఊళ్లో కొత్త ల్యాబుకు నన్ను ఇన్‌ఛార్జిగా వేశారు. వెళ్తానో లేదో సోమవారంలోగా చెప్పాలి. "నువ్వెళ్తే ఇల్లేం కావాలి? వద్దని రాసి పడేయ్," అన్నారు ఆయన రైల్లో, కిటికీలోంచి చూస్తూ. "ఆడదాని ఉద్యోగం కూరలో ఉప్పులాంటిదమ్మా, తగుమాత్రం ఉండాలి," అన్నారు అత్తగారు. నేను ఒప్పుకున్నానని ఇద్దరూ అనుకున్నారు. నేను పాపకు జడ వేస్తున్నాను. ఇల్లేం కావాలి అన్న ప్రశ్నకు మాత్రం దారంతా జవాబు వెతికాను. ఇల్లు ఉన్నచోటే ఉంటుంది. స్టవ్ వెలిగించడం ఆయనకు వచ్చు, ఒకసారి చూశాను.

కోట దర్బారు హాల్లో గోడల మీద రాజుల పటాలు, కత్తులు. వాటి మధ్య ఇనప చట్రాల్లో మసిగుడ్డలు, మూడొందల పన్నెండు. ఒక చిత్రకారిణి ఇల్లిల్లూ తిరిగి, అడిగి తెచ్చి వేలాడదీసిందట.

"ఇందుకా ఇన్ని మెట్లెక్కాం! మనింట్లోవి తెస్తే ఇంకో కోట నిండేది," అని ఆయన నవ్వి, పాపను తీసుకుని ఫిరంగి దగ్గర ఫొటోకి వెళ్లారు.

నేను ఒక్కొక్కటీ చూశాను. అలవాటు కొద్దీ మరకలు చదివాను. ఇనుము ఎక్కువున్న నీళ్లలో ఉతికితే గుడ్డ ఎర్రబారుతుంది. సున్నం ఎక్కువైతే బిరుసెక్కుతుంది. ప్రతి చట్రం కింద ఒక చీటీ ఉంది. ఏం గుడ్డ, ఎన్నేళ్లు వాడారు. వాడిన మనిషి పేరు ఉండాల్సిన చోట గీత. మా ల్యాబులో పేరు లేని సీసా వస్తే పరీక్షకు తీసుకోం, వెనక్కి పంపేస్తాం.

అత్తగారు వచ్చి పక్కన నిలబడ్డారు. "ఇది చూడు, అంచు మడిచి కుట్టుకుంది. కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల." పక్కదాని వైపు చెయ్యి చాపారు. "ఇది నా బాపతు. పాత దుప్పటి చింపి వాడేసింది."

"మీరు ఎప్పుడూ కుట్టుకోలేదా అత్తయ్యా?"

"కుట్టా. మొదటి రెండు నెలలు," అన్నారు. మడిచి కుట్టిన ఆ అంచును మళ్లీ ఒకసారి వంగి చూశారు.

బయటికొచ్చే దారిలో బల్ల మీద సందర్శకుల పుస్తకం. పేరు, వృత్తి, ఊరు అని మూడు గళ్లు. ఆయన అప్పటికే రాసేశారు. తన పేరు, పక్కన 'కుటుంబ సమేతంగా'. పెన్ను జేబులో పెట్టుకోబోతుంటే అడిగి తీసుకున్నాను. కింది వరసలో నా పేరు, ల్యాబ్ ఇన్‌ఛార్జి అని, ఊరు రాశాను.

ఆయన నా భుజం మీదుగా చదివారు.

"ఊరు తప్పు రాశావ్."

"తప్పు కాదండీ," అన్నాను. "వచ్చే నెల నుంచి అదే."