అడిగేవాళ్లు లేని షెడ్డు

తనను అడగందే, రాష్ట్రం దాటి వచ్చి ఉన్ అనే పేటలో పెట్టుకున్న తన షెడ్డులో ఒక్క మరమగ్గమూ నడవదని దేవదాస్‌కు గట్టి నమ్మకం. నమ్మకమేమిటి, నిజమే అది. ఏ నూలు ఎక్కించాలన్నా, తెగిన బెల్టు మార్చాలన్నా, ఆఖరికి టీపొడి తేవాలన్నా అతని గది తలుపు దగ్గర నిలబడి "అన్నా" అనాల్సిందే. అందరూ సిరిసిల్ల వైపు నుంచి వలస వచ్చినవాళ్లే. అడగడం వాళ్లకు మర్యాద, చెప్పడం ఇతనికి దర్జా.

కరోనా రెండో వేవ్‌లో అతనూ భార్య లలితమ్మా ఒకేసారి ఆసుపత్రిలో చేరారు. అతనొక్కడే తిరిగొచ్చాడు. వచ్చేసరికి షెడ్డు చప్పుడు లేకుండా పడి ఉంది. నూలు మూటలు విప్పకుండా అలాగే ఉన్నాయి.

"నువ్వు చెప్పకుంట ఎట్ల ఎక్కిస్తమన్నా? గందుకే సాంచెలు బందు వెట్టినం," అన్నాడు అందరిలో పాతవాడైన లస్మయ్య, ఆగిన మగ్గాలను చూపిస్తూ.

ఆ నూలుతో నేయాల్సిన ఆర్డరును రింగ్ రోడ్ బట్టల బజారు వ్యాపారి వేరేవాళ్లకు ఇచ్చేశాడు. ఇంకొక్కసారి ఇలా జరిగితే షెడ్డుకు తాళమే.

అప్పుడు పెట్టుకున్నాడు విశాలాక్షిని. అక్కడికి దగ్గర్లోని హజీరాలో పెద్ద కంపెనీ మేనేజరుగా చేసి మానేసిన మనిషి. ఇప్పుడు చిన్న కంపెనీలకు వారానికి రెండేసి రోజులు వచ్చి వ్యవహారం చక్కబెడుతోంది.

"మీరు మంచం పడితే పని ఆగిపోయిందంటే, నిర్ణయాలు పనివాళ్లకు అప్పగించడం ఇప్పటికే ఆలస్యమైనట్టు," అందామె. "నాదొకటే షరతు. ఎవరొచ్చి అడిగినా మీరు జవాబు చెప్పకూడదు, నేను లేని రోజు కూడా."

"గంతేనా మేడం?"

అంతే అనుకున్నాడు పాపం. మొదటి వారమే లస్మయ్యకు నూలు సంగతి చెప్పేసి ఆమె చేత చివాట్లు తిన్నాడు. ఏ పని ఎవరు తేల్చుకోవాలో ఆమె పంచిపెట్టింది. దీపావళి సరుకు చెప్పిన రోజుకే రింగ్ రోడ్ చేరింది. వ్యాపారి మళ్లీ ఆర్డరిచ్చాడు. షెడ్డు గట్టెక్కింది.

తలుపు దగ్గర మాత్రం ఎవరూ నిలబడటం లేదు. ఇంటికి పోతే పలికే దిక్కు లేదు, ఇక్కడా అంతే అయింది. ఆ అడగడాన్నే ఇన్నాళ్లూ ప్రేమ అనుకుని బతికాడు ఈ మహానుభావుడు. ఇప్పుడు లలితమ్మ పోయిన దుఃఖం కొత్తగా మొదలైనట్టుంది.

ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక గదిలోంచి లేచి షెడ్డు లోపలికి వెళ్లాడు. మగ్గాలు ఆపి, అందరూ కింద కూర్చుని నవ్వుకుంటూ తింటున్నారు. అతన్ని చూడగానే ఎంగిలి చేతులతోనే లేచి నిలబడ్డారు.

"లస్మయ్యా, ఏమన్న అడిగేదున్నదా?"

"ఏం లేదన్నా. అన్నీ మేమే జూసుకుంటున్నం. నువ్వు రంది వెట్టుకోకు."

"మంచిది. ఏం కూర?"

"పచ్చిపులుసు."

ఎవరో పరుగెత్తి కుర్చీ తెచ్చారు. షెడ్డు పెట్టకముందు ఇలాగే నేలమీద, ఈ లస్మయ్య పక్కనే కూర్చుని తిన్నవాడు దేవదాస్. ఇప్పుడు కుర్చీలో కూర్చున్నాడు. వాళ్లు కూర్చోలేదు.

"తినుండ్రి," అన్నాడు.

ఎవరూ కదల్లేదు. తనున్నంతసేపూ కదలరని అతనికి అర్థమైంది. చేతుల మీద మెతుకులు ఎండిపోతున్నాయి.

దేవదాస్ లేచి బయటికి నడిచాడు. గడప దాటాక లోపల మళ్లీ నవ్వులు మొదలయ్యాయి.