ఎత్తెక్కేటప్పుడే ఆగే జీపు

కొండ రోడ్డు సగం ఎక్కాక జీపు ఇంజను ఆగిపోయింది. దగ్గలేదు, వణకలేదు, పొగ వదల్లేదు. ఎవరో స్విచ్ ఆపినట్టు ఆగింది.

లీదియా అలవాటు కొద్దీ క్లచ్ తొక్కి తాళం తిప్పబోయింది. క్లచ్ తొక్కగానే బండి వెనక్కి జారడం మొదలుపెట్టింది. బ్రేకు నొక్కింది. ఒకటి రెండు సార్లు పట్టీ పట్టనట్టు పట్టి, ఆ తరవాత ఇంజను సాయం లేక పెడల్ రాయిలా బిగుసుకుపోయింది. స్టీరింగు కూడా తిరగనని మొండికేసింది. అద్దంలో చూస్తే క్వారీ నుంచి కంకర వేసుకొస్తున్న టిప్పరు. పక్కకు చూస్తే వానకు తడిసి నల్లబడిన లోయ.

"అక్కా! కాయ్ ఝాలా, ఏమైంది? ఎనకకు పోతున్నం అక్కా!" వెనక సీట్లోంచి అరిచింది నర్సు రూపాలి. గూడెంలో దింపడానికి ఎక్కించుకున్న ముసలావిడ ఒకతె దారిలో ఉబ్బసం తిరగబెట్టి, ఆమె ఒడిలో తల పెట్టుకుని ఎగశ్వాస తీస్తోంది.

లీదియా రెండు కాళ్ళూ బ్రేకు మీద వేసి, సీట్లోంచి లేచి నిలబడినంత పని చేసింది. హ్యాండ్ బ్రేకు పట్టుకుని ఉన్న బలమంతా పెట్టి లాగింది. టిప్పరువాడు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యడం లేదు. ఇంతలో వాడి క్లీనరు దూకి పరుగెత్తుకొచ్చి వెనక చక్రం కింద ఒక చెక్క దిమ్మె తోశాడు. చక్రం దాని మీదికి ఎక్కబోయి, ఆగింది.

కాసేపటికి తాళం తిప్పితే ఇంజను ఏమీ ఎరగనట్టు మొదటి తిప్పుకే అందుకుంది. మీటరు పక్కన ఇంజను బొమ్మ ఉన్న పసుప్పచ్చ దీపం మాత్రం వెలుగుతూనే ఉంది. బండి వెనక్కి తిప్పి, ముసలావిడను ముంబయి దగ్గరి భివండి దాకా తెచ్చి దవాఖానలో దించారు. ఆవిడ బతికింది. లీదియా మాత్రం బండి ఆపాక చాలాసేపు కిందికి దిగలేకపోయింది.

ఆ జీపు చర్చివాళ్ళు నడిపే చిన్న దవాఖానది. పాతకాలపు ఫోర్ వీల్ బండి. వాడా రోడ్డు దాటి కొండల్లో ఉన్న గూడేలకు వానాకాలంలో అది తప్ప ఇంకేదీ ఎక్కదు. లీదియాకు బండి నడపడం నాన్న దగ్గర అబ్బింది. మాగాలకు, అంటే మరమగ్గాలకు, నూలు చుట్టిన బీములు మోసే టెంపోలో ఆయన పక్కన కూర్చుని నేర్చుకుని, పెళ్ళయ్యాక ఈ డ్రైవరు పనిలో చేరింది. భయమనేది ఎరగని మనిషని అందరూ చెప్పుకునేవారు. ఆమె కూడా అదే అనుకునేది.

జీపు ఇలా ఆగడం కొత్త కాదు. మొదటిసారి ఆగినప్పుడు వరాలా తలావ్ అనే చెరువు దగ్గరి షెడ్డులో మెకానిక్ యోబు స్కానరు పెట్టి చూశాడు. యోబు లీదియాకు మేనమామ. డీజిలు ప్రెజరు చూసే సెన్సరు పోయిందని స్కానరు కోడ్ చూపించింది. సెన్సరు మార్చాడు. రెండోసారి ఆగినప్పుడు యాక్సిలరేటరు పెడల్ సెన్సరని చూపించింది. పెడల్ కూడా మార్చాడు. మార్చిన ప్రతిసారీ కోడ్‌లు చెరిపేసి, తలావ్ చుట్టూ తిప్పి చూసి, బాగైందనే ఇచ్చాడు. తలావ్ చుట్టూ అది ఒక్కసారి కూడా ఆగలేదు.

ఈసారి స్కానరు మూడు కోడ్‌లు చూపించింది. డీజిలు ప్రెజరు, పెడల్, టర్బో గాలి. మూడింటి సెన్సర్లూ పోయాయట.

"కొత్తయి ఏసినం గదా మామా! మళ్ళ గవే ఎట్ల వస్తయి?" అంది లీదియా.

యోబు గడ్డం గోక్కున్నాడు. "నాక్కూడ సమజైతలేదు బిడ్డ. మిషిన్ సెన్సర్ అంటాంది. సెన్సర్ చెక్ చేస్తే మంచిగుంటాంది. ఏదో దొంగాట ఆడుతాంది గిది."

ఆ రోజు నుంచి లీదియాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. పడుకుంటే కాలి కింద పెడల్ బిగుసుకున్నట్టే ఉండేది. మంచం మీదే కుడికాలు గట్టిగా తన్నిపెట్టి మేలుకునేది. పొద్దున తాళంచెవి తీసుకునేటప్పుడు అరచేతులు చెమట పట్టేవి. భర్త క్రిస్టోఫర్‌కు చెప్పలేదు. అతను పవర్‌లూమ్ కార్ఖానాలో మాగాలు రిపేరు చేసే జాబరు. చెబితే ఆ బండి జోలికి పోవద్దంటాడు. పోకపోతే గూడేల వాళ్ళ సంగతేమిటని రూపాలి అడుగుతుంది. వాళ్ళిద్దరిలో ఎవరికీ జవాబు చెప్పే ధైర్యం లేక ఊరుకుంది.

కొండకు పోవలసిన రోజు ఇంకా రాకముందే, కాల్హేర్‌లో ఒక గోదాము నుంచి మందుల పెట్టెలు తేవడానికి పోవలసి వచ్చింది. పోవడం బాగానే పోయింది. తిరిగి వచ్చేటప్పుడు ఫ్లైఓవరు ఎక్కే చోట ట్రాఫిక్ నిలిచింది. ముందు కంటైనరు, వెనక కంటైనరు. ముందుది కదిలింది. లీదియా మొదటి గేరులో బరువు లాగిస్తూ క్లచ్ వదిలింది. బండి నాలుగడుగులు కదిలి, అదే విధంగా, నిశ్శబ్దంగా ఆగిపోయింది.

ఈసారి ఆమె క్లచ్ తొక్కలేదు. గేరులోనే ఉంచి హ్యాండ్ బ్రేకు లాగింది. బండి జారలేదు, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ అద్దం నిండా కంటైనరు ముందు భాగం తప్ప ఇంకేమీ కనబడలేదు. దాని గాలి బ్రేకులు బుస్సుమన్నప్పుడల్లా మెడ మీద ఎవరో ఊదినట్టు అనిపించింది. తలుపు తెరుచుకుని దిగి, గోడ వారగా నిలబడింది. ఎన్ని హారన్లు మోగినా, ఎవరెవరు ఏమేం తిట్టినా మళ్ళీ ఎక్కలేకపోయింది. చివరికి ఒక కంటైనరు డ్రైవరే దిగి వచ్చి, జీపు స్టార్టు చేసి, ఫ్లైఓవరు దాటించి పక్కన పెట్టాడు.

"బహెన్, డరో మత్, ఆగిపోయిన బండే కదా, భయమెందుకు," అని నవ్వి వెళ్ళిపోయాడు.

ఆమె అక్కణ్ణుంచే మామకు ఫోన్ చేసింది. "మామా, నాతోని కాదిగ. నేను నడప. ఆ తాళంచెవి నువ్వే తీస్కపో." అంతవరకు బిగబట్టిన ఏడుపు అప్పుడు వచ్చింది.

ఆ సాయంత్రం యోబు, క్రిస్టోఫర్ షెడ్డులో జీపు ముందు నిలబడి ఉండగా లీదియా ఒక స్టూలు మీద ముడుచుకుని కూర్చుంది. జరిగినదంతా క్రిస్టోఫర్‌కు అప్పుడే తెలిసింది. కోప్పడతాడనుకుంది. అతను కోప్పడలేదు. ఆమె భుజం మీద చెయ్యి వేసి చాలాసేపు తియ్యలేదు.

"ముందుగాల్నే చెప్పద్దా?" అన్నాడు. "గీ బండి ముక్కలు కొట్టి భంగార్ దుకాన్ల ఏద్దాం."

"ఏస్తే ఏసినం గని, ఒకటడుగుతా," అన్నాడు యోబు. "బిడ్డా, ఆగినప్పుడల్ల ఏం చేస్తున్నవో జెర యాది చేస్కో. వాన పడ్డదా? ఇంజిన్ గరమైందా? గుంతల పడ్డదా?"

లీదియాకు ఆ క్షణాలు గుర్తు చేసుకోవడమంటే మళ్ళీ ఆ సీట్లో కూర్చోవడమే. అయినా కళ్ళు మూసుకుంది. కొండ మీద మొదటిసారి ఎండగా ఉంది. తరవాత వాన. కాల్హేర్‌లో ఇంజను ఇంకా సరిగ్గా వేడి కూడా ఎక్కలేదు. గుంతలు లేవు. మరి ఏముంది? ఎడమ కాలు. ప్రతిసారీ ఎడమ కాలు క్లచ్ మీద నుంచి అప్పుడే లేచింది.

"చఢావ్," అంది కళ్ళు తెరవకుండానే. "చఢావ్ మీదనే మామా, ఎత్తెక్కేటప్పుడే. మొదటి గేర్ల, లోడ్ మీద లాగేటప్పుడు. సాఫ్ రోడ్డు మీద ఎన్నడు ఆగలే."

యోబు బానెట్ ఎత్తి లోపలికి చూస్తూ నిలబడ్డాడు. "లోడ్ పడ్డప్పుడు ఇంజిన్ ఒక దిక్కు ఒరుగుతది," అన్నాడు నెమ్మదిగా. "మూడు సెన్సర్లు ఒక్కతీరు ఒక్కసారే చస్తయా? చావయి. మూడింటికి కరెంటిచ్చే వైరు ఒక్కటే. గది యాడనో ఇనుముకు తలుగుతాంది. ఒరిగినప్పుడు తలుగుతది, ఇంజిన్ ఆగంగనే మళ్ళ ఇడుస్తది. గందుకే నా తాన దొరుకుతలేదు."

"అయితే వైరంత మార్చు," అన్నాడు క్రిస్టోఫర్.

"యాడ తలుగుతాందో సూడకుండ మారిస్తే మళ్ళ గాడనే తలుగుతది. సూడాలె. అంటే నిలబెట్టి లోడ్ ఎయ్యాలె. బ్రేకు తొక్కి, మొదటి గేర్ల క్లచ్ సగం ఇడవాలె. నేను పక్కకు నిలబడి లోపల సూస్త."

లీదియా స్టూలు మీద నుంచి లేచింది. "బ్రేకు జారితే?"

"జారది."

"జారింది మామా! నా కాలికింద జారింది!"

క్రిస్టోఫర్ తాను నడుపుతానన్నాడు. అతనికి బండి రాదు. యోబు ఇంకో డ్రైవరును పిలుద్దామన్నాడు. ఆ క్లచ్ ఎక్కడ అందుకుంటుందో కొత్తవాడికి ఏం తెలుసు? వాడు ఒక్క వెంట్రుకవాసి ఎక్కువ వదిలితే మామ ఉండడు. అలా అనుకోగానే, చెయ్యవలసింది తానేనని ఆమెకు అర్థమైంది. అర్థమయ్యాక భయం ఇంకా పెరిగింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక షెడ్డు ముందు ఖాళీ స్థలంలో జీపు పెట్టారు. చక్రాలన్నింటికీ ముందు పెద్ద పెద్ద చెక్క దిమ్మెలు బిగించారు. వెనక హుక్కుకు గొలుసు తగిలించి, షెడ్డు ఇనుప స్తంభానికి కట్టారు. యోబు సెన్సరు వైరు నుంచి రెండు సన్నటి తీగలు కిటికీ గుండా లోపలికి లాగి, మీటరు పక్క సీట్లో కూర్చున్న క్రిస్టోఫర్ చేతిలో పెట్టాడు. "గిది అయిదు వోల్టులు సూపియ్యాలె. పడిపోతే చెప్పు."

"మామా, నువ్వు ముందుకు రావద్దు. కుడి చక్రం పక్కనే నిలబడు," అంది లీదియా. "బానెట్ లేపితే నువ్వు నాకు కనవడవు. గందుకే నోరు మూయకు. ఉన్న, ఉన్న అనుకుంట ఉండు. నీ గొంతు ఆగిందంటే నేను తాళం బంద్ చేస్త."

"మంచిది బిడ్డ. పైలం."

బానెట్ లేచింది. ముందు అద్దం నిండా దాని తుప్పు పట్టిన లోపలి రేకు తప్ప ఏమీ లేదు. లీదియా తాళం తిప్పింది. కుడికాలు బ్రేకు మీద బిగించింది. మొదటి గేరు వేసి ఎడమ కాలు కొంచెం కొంచెంగా లేపసాగింది.

"ఉన్న," అన్నాడు యోబు. "ఉన్న బిడ్డ. ఉన్న."

ఇంజను గొంతు మారింది. బండి మొత్తం ముందుకు తోసుకుపోవాలని చూస్తూ వెనక్కి కుంగింది. గొలుసు కిర్రుమంది. క్రిస్టోఫర్ మీటరు మీద నుంచి కళ్ళు తియ్యలేదు.

"అయిదే ఉంది," అన్నాడతను.

"ఉన్న. ఇంక జెర ఇడువు. ఉన్న."

ఇంకొంచెం వదిలింది. కుడికాలి కింద పెడల్ ఒక్క పిసరు కిందికి దిగినట్టనిపించింది. నిజంగా దిగిందో, భయానికి అలా అనిపించిందో ఆమెకు తెలియలేదు. తాళం వైపు చెయ్యి పోయింది. అక్కడే ఆగింది.

"పడ్డది! సున్నా, సున్నా!" అని అరిచాడు క్రిస్టోఫర్.

ఇంజను ఆగిపోయింది. అంతటా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో "ఉన్న" అనే మాట వినబడలేదు.

"మామా!" లీదియా అరిచింది. "మామా!"

పలుకు లేదు. ఆమె తలుపు తోసుకుని దూకి, ముందుకు పరుగెత్తింది. యోబు కుడి చక్రం పక్కనే ఉన్నాడు. నడుం దాకా ఇంజను వెనక భాగంలోకి వంగి, నోట్లో టార్చి లైటు కరిచి పట్టుకుని ఉన్నాడు. చేతులు రెండూ లోపల ఉన్నాయి. లైటు తీసి ఆమె వైపు తిరిగాడు.

"గీడ సూడు," అన్నాడు.

ఆమె ముందు అతని వీపు మీద బలంగా ఒకటి చరిచింది. "ఉన్న అనుమంటే! లైటు నోట్ల పెట్టుకుంటవా!" ఆ తరవాతే వంగి చూసింది.

ఇంజనును పట్టి ఉంచే రబ్బరు దిమ్మ ఒకటి నిలువునా చీలిపోయింది. అందుకే లోడ్ పడగానే ఇంజను ఒరిగిపోతోంది. వెనక వైపు, చెయ్యి దూరడమే కష్టమైన చోట, వైర్ల కట్ట ఒక ఇనుప పట్టీ అంచుకు ఆనుకుని ఉంది. అక్కడ ఒక వైరు తొడుగు ఒరిసి ఒరిసి పోయి, లోపలి రాగి తీగ మెరుస్తోంది. చిన్నది, గోరంత. యోబు చేత్తో ఇంజనును ఒరగతోస్తే ఆ మెరుపు పట్టీకి తగిలింది, వదిలితే విడిపోయింది.

"గిదే," అన్నాడు యోబు. "గింతది నా బిడ్డను సంపుతుండె."

కొత్త రబ్బరు దిమ్మ వేశారు. తెగిన తొడుగు మీద కొత్త తొడుగు చుట్టి, వైర్ల కట్టను ఆ పట్టీకి దూరంగా జరిపి కట్టారు. మళ్ళీ లోడ్ వేసి చూశారు. మీటరు అయిదు దగ్గర నుంచి కదల్లేదు. కోడ్‌లు చెరిపేశాక పసుప్పచ్చ దీపం వెలగలేదు.

కానీ షెడ్డు ముందు ఆగకపోవడం వేరు, కొండ వేరు. తరవాతి మంగళవారం వాన తెరిపి ఇచ్చింది. లీదియా కొండకు బయలుదేరింది. ఎవరూ అడగకుండానే రూపాలి వచ్చి వెనక ఎక్కింది. క్రిస్టోఫర్ కార్ఖానాకు సుట్టీ పెట్టి ముందు సీట్లో కూర్చున్నాడు. రోగులెవరినీ ఎక్కించుకోలేదు. వాళ్ళ బరువుకు బదులు వెనక ఇసుక సంచులు, వాటి మీద కాల్హేర్ నుంచి తెచ్చిన మందుల పెట్టెలు వేశారు.

వాగు దాటి ఎత్తు మొదలైంది. లీదియా మొదటి గేరు వేసింది. అప్పుడు ఆగిన చోటు వచ్చింది. కాలి కింద ఏ కొంచెం అదురు వచ్చినా ఒళ్ళు జల్లుమంటోంది. దారి పక్క రాళ్ళు ఒక్కొక్కటే కిందికి పోతున్నాయి. రూపాలి కళ్ళు గట్టిగా మూసుకుంది. క్రిస్టోఫర్ చెయ్యి హ్యాండ్ బ్రేకు మీదనే ఉంది.

ఇంజను ఆగలేదు.

పైన చదును నేల మీదికి వచ్చాక లీదియా బండి ఆపింది. స్టీరింగు మీద నుంచి వేళ్ళు తీయబోతే రాలేదు. క్రిస్టోఫర్ ఒక్కొక్క వేలే విడదీయవలసి వచ్చింది.

"అయిపోయింది కదా?" అన్నాడు.

"బండిది అయిపోయింది," అంది లీదియా. "నాది ఇంక కొన్నొద్దులు పడుతది."

ఆమె దిగి, రోడ్డు అంచు దాకా పోయి, తాము ఎక్కి వచ్చిన వంపుల వైపు చూసింది. చూపు తిప్పుకోలేదు. తరవాత వచ్చి సీట్లో కూర్చుని, గూడెం దాకా పోయి మందులిచ్చి వద్దామని చెప్పి, బండి తీసింది.