చర్చి గేటు దగ్గర డెలివరీ

మా ఆన్‌లైన్ షాపింగ్ కంపెనీ, నందిగామ వాళ్ళ షాపింగ్ కంపెనీ మొన్నమొన్నటిదాకా ఉప్పూ నిప్పూ. ఇప్పుడు చేతులు కలిపాయి. మధ్యన పెళ్ళిపెద్ద ఇంకో కంపెనీ, కంప్యూటర్లు అద్దెకిచ్చే క్లౌడ్ వాళ్ళు. ముగ్గురు పెద్దమనుషులు హైదరాబాదు హోటల్లో పళ్ళన్నీ కనపడేలా ఫొటో దిగారు. ఆ ఫొటో వెనకాలే కబురూ వచ్చింది. జగ్గయ్యపేటలో ఒకటి, నందిగామలో ఒకటి ఎందుకు, ఒక్క గోడౌను చాలట. ఏది ఉంచాలో క్లౌడే తేలుస్తుందట.

జగ్గయ్యపేట గోడౌను నడిపేది నేనే. పేరు సూసన్. అది పోతే నాకు ఇంకో బతుకుతెరువు లేదు. ఈ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం.

మొదట్లో భయపడలేదు. నా చేతిలోంచి వెళ్ళిన పార్సెల్ తిరిగి రావడమంటూ ఉండదు. మిరపకోతల కాలంలో పెనుగంచిప్రోలు వెళ్ళి చూడండి, పొద్దున్నే ఏ ఇంటికైనా తాళమే. అందుకే వారమంతా వచ్చినవి ఆటోలో వేసుకుని, ఆదివారం ఆ ఊరి చర్చి వదిలే వేళకి గేటు దగ్గర నిలబడతాను. పేరు పిలవడం, చేతిలో పెట్టడం. పున్నమ్మగారు కూడా ఇంత బొట్టు పెట్టుకుని వచ్చేస్తారు, ప్రార్థనకి కాదు, మిక్సీ జార్ల కోసం.

క్లౌడ్‌కి ఇది మింగుడుపడలేదు. ఊరందరి పార్సెళ్ళూ ఒకేచోట ఇచ్చినట్టు కనపడేసరికి, ఇవన్నీ దొంగ డెలివరీలని ఎర్ర గుర్తు పెట్టింది. స్వయంగా చూసి రమ్మని ఎవర్ని పంపారనుకున్నారు? నందిగామ గోడౌను నడిపే బుల్లిబాబుగారిని! ఆహా, ఎంత తెలివి!

"నామీద కోపం పెట్టుకోకండి సూసన్‌గారూ. పైవాళ్ళు వెళ్ళమన్నారు, వచ్చా," అన్నారాయన, ఆదివారం చర్చి గేటు దగ్గరికే వచ్చి.

"కోపమెందుకండీ? చూడండి. కళ్ళున్నాయిగా!"

ఆయన ఫోన్‌లో ఒకటే ప్రశ్న. పార్సెల్ ఇంటి గుమ్మం దగ్గర అందిందా? అవును, కాదు. ఇంకేం రాయడానికి లేదు.

మొదట జయమణి టీచరుగారు దొరికారు. "ఇంటికా? ఛఛ, మా సూసన్‌ని అంత తిప్పుతామాండీ! ఇక్కడే ఇచ్చేస్తుంది. ఒక్క వారం తప్పలేదు."

ఆయన 'కాదు' నొక్కారు.

తరవాత రత్తయ్య. నేను కళ్ళతో సైగ చేశాను. "ఏంటమ్మాయ్, కంట్లో నలక పడిందా?" అని నన్నడిగి, ఆయన వైపు తిరిగాడు. "గుమ్మంలో పడేసి పోయే రకం కాదండీ మా పిల్ల. చేతికిస్తది!"

మళ్ళీ 'కాదు'.

జాయిస్‌ని పక్కకి లాగి, "అవును అని చెప్పవే, చాలు," అన్నాను.

"ఇప్పుడేగా ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం తీసుకుని వచ్చా. చర్చి మెట్ల మీద అబద్ధమాడమంటావా అక్కా?"

ఊరికి నామీదున్న ప్రేమంతా ఆయన ఫోన్‌లో 'కాదు', 'కాదు' అని పడుతూనే ఉంది. ఆయన ముఖంలో సంతోషం కనపడితే కాస్త తిట్టుకోవచ్చనుకున్నాను. అదీ కనపడలేదు.

"వీళ్ళు చెప్పేది ఎక్కించడానికి ఇందులో చోటు లేదండీ," అన్నారు వెళ్తూ.

నా గోడౌను తీసేశారు. తాళంచెవి ఇచ్చేసిన రోజు ఏడ్చాను. ఎవరిని తిట్టాలో తెలియక ఇంకాస్త ఏడ్చాను.

నందిగామ వ్యాను వారమంతా ఊళ్ళో తిరిగి, తాళాలు చూసి, పార్సెళ్ళన్నీ వెనక్కి పట్టుకెళ్ళింది. శనివారం బుల్లిబాబుగారు ఫోన్ చేశారు.

"ఏమనుకోకండి సూసన్‌గారూ... చర్చి ఎన్నింటికి వదులుతారు?"

"మరి మీకు ఎర్ర గుర్తు పడదా?"

"పోటీకి ఇంకో గోడౌను లేదు కదండీ. ఇప్పుడెవరూ చూడట్లేదు."

ఒళ్ళు మండింది. అయినా, "పదకొండున్నరకి. పున్నమ్మగారిని ఎక్కువసేపు నిలబెట్టకండి, మోకాళ్ళ నొప్పులు," అన్నాను.

ఆ ఆదివారం ఆయన పార్సెళ్ళ బస్తాలతో గేటు దగ్గర నిలబడ్డారు. ప్రార్థన అయింది. జనం మెట్లు దిగి, ఆయన్ని దాటుకుని నా చుట్టూ చేరారు. రత్తయ్య ముందుకొచ్చి రెండు చేతులూ చాపాడు.

"నాదేమన్నా వచ్చిందా అమ్మాయ్?"

నా చేతిలో బైబిలు తప్ప ఏమీ లేదు.

"అటెళ్ళు బాబాయ్," అన్నాను. "ఇప్పుడు ఆయన పిలుస్తారు."