ఎనిమిదో నంబరు కీ

మా నాన్న షెడ్డులో ఒక నియమం ఉండేది. జీపుకు స్కిడ్ ప్లేటు బిగించాక, దాని యజమాని తానే బండి కిందికి దూరి, ఆ ప్లేటును తన చేత్తో ఒకసారి విప్పి మళ్లీ బిగించాలి. అప్పుడే నాన్న తాళం చేతికిచ్చేవాడు. ఎంత పెద్దమనిషైనా సరే, ఇస్త్రీ చొక్కాతో వచ్చినా సరే, నేల మీద గోనెపట్టా పరిచి "దయచేయండి" అనేవాడు. కొందరు నవ్వేవారు, కొందరు లోలోపల తిట్టుకునేవారు. ఒకాయన అలిగి ప్లేటు లేకుండానే వెళ్లిపోయాడు. నాన్న ఆపలేదు. రాళ్లదారుల్లో ఇంజను అడుగు పగలకుండా కాచే మందపాటి ఇనపరేకు అది. దాని సంగతి బిగించినవాడికి తెలిస్తే చాలదని, తోలేవాడికి తెలియాలని ఆయన పట్టుదల.

నాన్న పోయాక షెడ్డు నాకొచ్చింది. తమ్ముడు తనకు అక్కర్లేదన్నాడు. వాడికి తోలడం కావాలి, బిగించడం కాదు. ఆడమనిషి బండి కింద పడుకోవడమేమిటని మొదట్లో ముక్కు మీద వేలేసుకున్నవాళ్లే, తర్వాత ఆ వేలు తీసి తాళాలు తెచ్చి నాకిచ్చారు. గోనెపట్టా మారింది గానీ నియమం మారలేదు. పద్దెనిమిదేళ్లలో ఒక్కసారే తప్పాను, అదీ నా తమ్ముడి దగ్గర.

వాణ్ణి నాన్న రాకెట్టు అని పిలిచేవాడు. అమ్మ కడుపులో కూడా నిలకడగా ఉండలేక నెల ముందే దూకాడు. అన్నం నములుతూ చెప్పులేసుకునే రకం. ఒక్క జీపు విషయంలోనే వాడికి ఎక్కడలేని ఓపికా వచ్చింది. పాడుబడ్డ మూడు జీపుల్లోంచి ఒక్కో ముక్కా ఏరి, ఆరేళ్లు కూర్చుని ఒక బండి కట్టాడు. సర్వేవాళ్లను కొండల్లోకీ గడ్డి మైదానాల్లోకీ తిప్పడం వాడి బతుకుతెరువు. ఆ బండికి చిన్న గీత పడితే ఆ రోజు మా మరదలితో కూడా సరిగ్గా మాట్లాడేవాడు కాదు.

ఆ రోజు పొద్దున ఏడింటికే వచ్చాడు. పదింటికల్లా సర్వే సారును ఎక్కించుకుని మూడు రోజుల పని మీద గడ్డి మైదానానికి వెళ్లాలి. కిందటి వారం ఏదో రాయి ఆయిల్ చాంబరును గీరిందట, ఇక ప్లేటు లేకుండా కదలనన్నాడు. చీమ కూడా దూరకూడదక్కా అన్నాడు. చీమేమిటి, చీమ ఊపిరి కూడా దూరకుండా చేస్తానని కోతలు కోశాను. మామూలుగా ప్లేటులో రెండు మూడు కిటికీలు కోస్తాం, బురదా చెత్తా రాలిపోవడానికి. వాడి ముచ్చట కొద్దీ ఒక్కటీ కొయ్యలేదు. బోల్టుల తలలు పైకి పొడుచుకొస్తే రాళ్లకు అరిగిపోతాయని, తలలు ప్లేటులోకే మునిగిపోయేలా గుంటలు తీసి, నాలుగు అలెన్ బోల్టులు వేశాను. అవి మామూలు స్పానరుకు రావు. తలలో ఉన్న ఆరు పలకల గుంటలోకి సరిపడే అలెన్ కీ కావాలి. ఎనిమిదో నంబరు.

తొమ్మిదీ యాభైకి పని అయింది. గోనెపట్టా పరిచాను.

"నాన్న కొడుకునే కదక్కా నేనూ. నాకు చెప్పేదేంటి?" అన్నాడు. టీ గ్లాసు బల్ల మీద పెట్టి, బండెక్కేశాడు.

పెరటి చెట్టు మందుకు పనికిరాదు. బయటివాడైతే తాళం పట్టుకుని కూర్చునేదాన్ని. సొంతవాడే కదా, ఏముందిలే అనుకున్నాను. గోనెపట్టా మడిచేశాను.

ప్లేటు కింద మనిషి పడుకున్నప్పుడు నాన్న కొన్ని మాటలు చెప్పేవాడు. ఇక్కడ బురద చేరుతుంది, ఇక్కడ నట్టు వదులవుతుంది. ఎండుగడ్డిలో తిరిగితే సాయంత్రానికల్లా ప్లేటు విప్పి దులపాలి, లేకపోతే సైలెన్సర్ గొట్టం వేడికి అంటుకుంటుంది. ఆయన దగ్గర నేర్చుకున్నదాన్ని కాబట్టి నాకూ ఆ మాటలు మనిషి బండి కింద ఉన్నప్పుడే నోటికొస్తాయి. తమ్ముడు కింద పడుకోలేదు. నాకు మాటలు రాలేదు. దీన్ని ఎలా చెప్పినా సాకులాగే ఉంటుంది, సాకే అనుకోండి.

మర్నాడు మధ్యాహ్నం ఒక పాలవ్యాను ఆయిలు మార్చడానికి వచ్చింది. దానిదీ పాత ప్లేటే. బోల్టులు వదులు చేసి కిందికి దించేసరికి ఇంత ఎండుగడ్డి నా ముఖం మీద పడింది. ఉమ్మేసి, చేత్తో తీసి చూశాను. కొన్ని పోచలు నల్లగా కమిలి ఉన్నాయి. అలాగే పడుకుని రెండు క్షణాలు ఆ పోచలు చూశాను, తర్వాత గభాలున లేవబోయి నుదురు ఛాసిస్‌కు కొట్టుకున్నాను.

పాకుతూ బయటికొచ్చి బల్ల వైపు చూశాను. నిన్న వాడు తాగి పెట్టిన గ్లాసు అలాగే ఉంది. దాని పక్కనే ఎనిమిదో నంబరు కీ.

ఫోను చేస్తే అందుబాటులో లేదంది. పదిసార్లు చేశాను, పదిసార్లూ అదే పాట. సర్వే ఆఫీసుకు చేశాను. అక్కడ సిగ్నలుండదమ్మా, వాళ్లంతట వాళ్లు చేస్తే చెబుతామన్నారు. చాలా ముఖ్యమన్నాను. అందరూ అలాగే అంటారన్నారు. మరదలికి చేసి, వాడేమైనా మాట్లాడాడా అని మామూలుగా అడిగినట్టు అడిగాను. ఆ అమ్మాయి నవ్వి, మాట్లాడితే ఎండలో గడ్డి మాడి కరకరలాడుతోందనో, సారు గురక పెడుతున్నాడనో చెబుతాడు వదినా, మీకేం పని పడింది అంది. ఏమీ లేదన్నాను. నేనే బండేసుకుని బయల్దేరితే ఏడెనిమిది గంటల దారి. వెళ్లి ఆ మైదానంలో ఏ మూలని వెతకాలి? రేకు కోసే చేతులు, డ్రిల్లు పట్టే చేతులు, అవతల మనిషికి ఒక్క మాట చేరవెయ్యడానికి పనికిరావు. కంచే చేను మేసినట్టు, వాణ్ణి కాయమని నేను బిగించిందే వాడి కింద కూర్చుని ఉంది. పాలవ్యాను ప్లేటు తిరిగి బిగిస్తూ ఒక బోల్టు రెండుసార్లు జారవిడిచాను.

నాలుగింటికి ఫోను మోగింది. తమ్ముడే.

"అక్కా, నీ ప్లేటు మీంచి పొగొస్తోంది," అన్నాడు, ఏదో తమాషా చెబుతున్నట్టు.

వాడు రొప్పుతున్నాడు. సిగ్నలు కోసం పక్కనున్న గుట్ట ఎక్కాడట. పొద్దున్నుంచి నడుమెత్తు గడ్డిలో తిరిగారు. సారు కొలతల కోసం ఆగితే అడుగునుంచి పొగ మొదలైంది. మంటలార్పే సిలిండరు ఖాళీ చేశాడు. తాగే నీళ్లు పోశాడు. ఆగినట్టే ఆగి మళ్లీ వస్తోంది. నీళ్లు గడ్డి దాకా పోవడం లేదన్నాడు. ఎలా పోతాయి, చీమ కూడా దూరకుండా చేసింది నేనే కదా.

"సారు పెట్టెలో అలెన్ కీలున్నాయి. ఏ నంబరు బోల్టు వేశావో చెప్పు. ప్లేటు దించేస్తా. ఐదు నిమిషాల పని."

"పొగ ఏ రంగులో ఉంది?"

"తెల్లగానే ఉండింది. ఇప్పుడు కాస్త నల్లగా."

తెల్లది గడ్డి పొగ. నల్లదంటే రబ్బరు. ప్లేటుకు జానెడు పైన డీజిలు గొట్టం పోతుంది. బండి వదిలేసి సారును తీసుకుని గాలికి ఎదురుగా నడిచిపొమ్మన్నాను. వినలేదు. బతిమాలాను. నేను వాణ్ణి బతిమాలడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. బండి పోతే పోయిందిరా అన్నాను.

"ఆరేళ్లక్కా," అన్నాడు. తర్వాత మెల్లగా, "నంబరు చెప్పు. చెప్పకపోతే ఒక్కోటీ పెట్టి చూసుకుంటా," అన్నాడు.

ఎనిమిది. నాలుక చివర ఉంది. చెబితే సూటిగా వెళ్లి దూరతాడు. చెప్పకపోతే ఒక్కో కీ పెట్టి చూస్తూ ఇంకా ఎక్కువసేపు దాని కిందే పడుకుంటాడు. అంత దూరంలో వాడి చొక్కా పట్టుకుని లాగడానికి నా దగ్గర నోరు తప్ప ఏమీ లేదు.

"నంబరుతో పని లేదురా. వెల్డింగ్ చేసేశాను. ఊడిపోకూడదని బోల్టు తలల మీద టాకాలు వేశాను. గ్రైండరు పెట్టి కొయ్యాల్సిందే, చేత్తో రాదు."

గాలి హోరు వినిపించింది.

"నువ్వా?" అన్నాడు. "నాన్న షెడ్డులో?"

"నేనే."

అప్పుడు వాడొక మాటన్నాడు. అక్కను ఎవరూ అనకూడని మాట. ఫోను పెట్టేశాడో, సిగ్నలు పోయిందో తెలియదు.

ఆ తర్వాత గంటా నలభై నిమిషాలు షెడ్డులో బల్ల ముందు కూర్చున్నాను. వాడు నమ్మాడో లేదో తెలియదు. నమ్మినా, ఒకసారి చూద్దామని దూరాడేమో తెలియదు. ఎవరో టైరుకు గాలి పట్టించుకోవడానికి వస్తే చెయ్యూపి పంపేశాను. ఎనిమిదో నంబరు కీ పిడికిట్లో పెట్టుకుని, దేవుడా దేవుడా అనడం తప్ప ఇంకేమీ చెయ్యలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అంటారే, నాకు పట్టుకోవడానికి ఆ ఇనపముక్కే దొరికింది.

చివరికి ఫోను చేసింది సర్వే సారు, దారిలో ఎవరిదో అడిగి తీసుకుని. ఇద్దరూ క్షేమం, రోడ్డు మీదికొచ్చారు. బండి పోయింది. నాకు ఏడుపొచ్చేసింది, ఆయనకు వినపడేలాగే ఏడ్చాను. తర్వాత అడిగాను, గుట్ట దిగాక ఎంతసేపటికి మంట లేచిందని. నాకు కావాల్సింది ఆ ఒక్క లెక్కే. ఆయన ఆలోచించి, గడియారం చూడలేదమ్మా, మూడు నిమిషాలుంటుందేమో, పదీ అయ్యుండొచ్చు అన్నారు.

మూడు వారాలు తమ్ముడు షెడ్డు గడప తొక్కలేదు. కనపడినవాడికల్లా చెప్పాడు, మా అక్క ప్లేటుకు వెల్డింగ్ పెట్టి నా బండి తగలబెట్టిందని. పనివాళ్లలో ఇలాంటి కబురు కాళ్లు లేకుండానే ఊరంతా తిరుగుతుంది. నాన్న పాత స్నేహితుడొకాయన వచ్చి, నిజమేనా తల్లీ అని అడిగాడు. నిజమేనన్నాను. ఆయన బిగించమని తెచ్చిన ప్లేటు చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. మరదలు వచ్చి కళ్లు తుడుచుకుని, పోనీలెండి వదినా, మనిషి దక్కాడు అంది. ఆమెకైనా నిజం చెబుదామనుకుని మానేశాను. చెబితే ఆ రాత్రే వాడికి తెలుస్తుంది. బండిని దక్కించుకోగలిగేవాణ్ణన్న ఆలోచన వాడికి రాకూడదు. వస్తే మనిషిని తినేస్తుంది. అంతకంటే నన్ను తిట్టుకోవడమే మేలు.

నాలుగో వారం మొదట్లో, మధ్యాహ్నం వచ్చాడు. కాలిన బండిని క్రేనుతో లాక్కొచ్చారట. జేబులోంచి నాలుగు బోల్టులు తీసి బల్ల మీద పెట్టాడు. మాడి నల్లబడ్డాయి గానీ తలలు శుభ్రంగా ఉన్నాయి. బల్ల మీదున్న కీ తీసి ఒక్కోదానిలో పెట్టి చూశాడు. నాలుగింటికీ సరిపోయింది.

"టాకాలు లేవక్కా."

"లేవు."

"సారు పెట్టెలో ఎనిమిదో నంబరు ఉంది. అడిగి చూశాను."

స్టూలు మీద కూర్చున్నాను. "గడ్డి సంగతి నీకు చెప్పకుండా పంపాను. కిటికీలు కొయ్యలేదు. అది నా తప్పు," అన్నాను. "వెల్డింగ్ అన్నది తప్పు కాదు. మళ్లీ ఫోను చేసినా అదే చెబుతాను."

వాడు కీని చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. తిడితే బాగుండుననిపించింది.

"దూరితే చచ్చేవాణ్ణని నీకు ఖాయంగా తెలుసా?"

మూడు నిమిషాలు, లేకపోతే పది. వాడి చేతివేగం నాకు తెలుసు. నాలుగు బోల్టులు నాలుగు నిమిషాల్లో తీసేస్తాడు.

"తెలియదు," అన్నాను.

"నేను తీసేవాణ్ణి," అన్నాడు. కోపంగా కాదు. నాన్నకు పని అప్పజెప్పేటప్పుడు చెప్పే గొంతుతో అన్నాడు.

కీ తీసినచోటే పెట్టి, బోల్టులు అక్కడే వదిలేసి బయటికి నడిచాడు. గడప దాకా వెళ్లాను. బండి తాళం కోసం వాడి చెయ్యి అలవాటుగా జేబులోకి వెళ్లి, ఖాళీగా బయటికొచ్చింది. రోడ్డు పక్కన ఎండలో నడిచి వెళ్లాడు. రాకెట్టు అంత నెమ్మదిగా నడవడం నేనెప్పుడూ చూడలేదు. రెండు చేతులూ ఉన్నాయి, రెండు కాళ్లూ ఉన్నాయి. మలుపు తిరిగేదాకా వాటినే చూస్తూ నిలబడ్డాను.